మునిగిన మిక్సరు గురించి నిజం చెప్పిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, నా పేరు కరుణ. ముందు మా ఇంటి చీకటి రోజుల గురించి చెబుతాను. నా భర్త సుందరరావు గారికి పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ప్రాణభయం లేదని డాక్టర్లు ఇంటికి పంపారు, కాలు మెల్లగా స్వాధీనంలోకి వచ్చింది, మాట కూడా తేటపడింది, కానీ మనిషి మాత్రం మాకు తిరిగి రాలేదు. విమానాశ్రయం పక్కన లంబాలైన్‌లోని మా ఇంటి ముందు గదిలో కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చునేవారు. పక్కనే విమానం దిగుతూ కిటికీలు అదిరిపోయినా తల తిప్పేవారు కాదు.

ఆయన కాంట్రాక్టరు కాకముందు మెకానిక్కు. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకు వచ్చి తాపీపని చేసుకుంటే, ఈయన చిన్నప్పటి నుంచి మిషన్ల వెంట తిరిగారు. మా కాంక్రీటు మిక్సరును పాతది కొని, తానే ముక్కముక్కలుగా విప్పి, తానే బిగించి నిలబెట్టారు. ఆ చప్పుడు వింటే చాలు, ఏ బోల్టు వదులైందో చెప్పేసేవారు. అలాంటి మనిషి చేయి పడిపోయాక ఒకటే మాట పట్టుకున్నారు.

"నేను కబాడీ సామాను, పాత ఇనుము అయిపోయాను కరుణా. నన్ను పక్కన పడెయ్."

ఎంత ప్రార్థించినా, పాస్టరుగారు వచ్చి ఎంత ధైర్యం చెప్పినా ఆ మాట మారలేదు. సైటు పనులు నా మీద పడ్డాయి. నేను చేసిన మొదటి పని సామానుకంతటికీ ఇన్సూరెన్సు చేయించడం. అప్పుడు మన సంఘంలోనే ఒక అక్క నన్ను అడిగింది, దేవుణ్ణి నమ్ముకున్నదానివి, నీకు బీమా దేనికమ్మా అని. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. మనిషి పడిపోతే ఇల్లు ఎలా అయిపోతుందో చూశాను, మిషన్లు కూడా పోతే మా దగ్గర పనిచేసే కుటుంబాలకు ఏం చెప్పాలో తెలియక చేయించాను. సామాను మన షెడ్డులోనో సైటులోనో ఉంటేనే పాలసీ వర్తిస్తుందని, సముద్రం మీద తీసుకెళ్లాలంటే వేరే పాలసీ కావాలని ఏజెంటు చెప్పాడు. అప్పట్లో మా పనులన్నీ ఇదే దీవిలో చౌల్దారీ, ఫెరార్‌గంజ్ వైపే కాబట్టి ఆ రెండోది తీసుకోలేదు.

తర్వాత నీల్ దీవిలో గదులు కట్టే పని వచ్చింది, బయలుదేరే హడావిడిలో ఆ రెండో పాలసీ మాటే మరిచాను. మిగతా సామానంతా క్షేమంగా చేరి, ఒడ్డున మేము వేసుకున్న షెడ్డులోకి వెళ్లింది. చివరగా మిక్సరును బోటులోంచి దింపుతుండగా పెద్ద అల వచ్చి బోటు ఊగిపోయింది, తాడు తెగింది, మిక్సరు నీళ్లలోకి జారిపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, అందుకు అక్కడే దేవునికి స్తోత్రం చెప్పాను. అయితే ఆ మధ్యాహ్నమే గాలి రేగి, సముద్రం ఒడ్డు దాటి వచ్చి మా షెడ్డును పడగొట్టి, జనరేటరును, స్లాబులో కాంక్రీటు కుదించే వైబ్రేటరును, కట్టింగ్ మిషనును లాక్కుపోయింది. వంగిపోయిన రేకుల మధ్య నిలబడి నేను ఏడవను కూడా ఏడవలేకపోయాను.

ఏజెంటు మంచివాడు. మా ఆయన పరిస్థితి తెలిసినవాడు. మరునాడు కంపెనీ సర్వేయరు నష్టం చూడటానికి వస్తాడనగా ఇంటికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"దీదీ, మిక్సరు కూడా షెడ్డులోనే ఉందని చెప్పండి, బస్. జనరేటర్ని తీసుకెళ్లింది సముద్రమే, మిక్సర్ని తీసుకెళ్లిందీ సముద్రమే. ఫరక్ ఏముంది?"

సహోదరులారా, ఆ మాట నాకు న్యాయంగానే వినిపించింది. అన్నిటికంటే విలువైనది ఆ మిక్సరే, అది లేకుండా పని ముందుకు సాగదు, గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషికి ఈ నష్టం ఎలా చెప్పాలో తెలియదు. సాయంత్రం పొయ్యి మీద అన్నం పెట్టి అక్కడే మోకరించాను.

"ప్రభువా, నాకు అబద్ధం చెప్పాలనే ఉంది. చెబితే ఇల్లు నిలబడుతుందనిపిస్తోంది. కాదనే బలం నాలో లేదు. రేపు ఆ సర్వేయరు ముందు నా నోరు నువ్వే పట్టుకో."

సర్వేయరు నీల్‌కు వచ్చి, పడిపోయిన షెడ్డు చూసి, ఒక్కొక్క మిషను గురించి అడుగుతూ మిక్సరు దగ్గరికి వచ్చాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన పెన్ను ఆపి నా ముఖంలోకి చూశాడు.

"ఇలా రాస్తే మిక్సరుకి ఏమీ రాదు. మాలూమ్ హై నా, మేడమ్?"

"మాలూమ్ హై, సార్. బోటులోంచి దింపుతుంటే పడింది. షెడ్డు దాకా రాలేదు."

నిజం చెప్పగానే మనసు తేలికైందని మీతో చెప్పాలని ఉంది, కానీ అలా జరగలేదు. తిరిగి వచ్చే బోటులో సముద్రం వైపు చూడకుండా కూర్చున్నాను. నా నోరు పట్టుకోమని అడిగాను గానీ ప్రభువా, చేతులు ఇంత ఖాళీ చేస్తావనుకోలేదు అని లోలోపల గొణుక్కున్నాను.

ఇంటికి వచ్చి మా ఆయనకు అంతా చెప్పేశాను, కోప్పడితే కోప్పడనీ అనుకున్నాను.  ఆయన ఎడమ చేత్తో కుర్చీని మెల్లగా నా వైపు తిప్పుకున్నారు.

"క్లెయిములో మిక్సరు లేదా?"

"లేదు."

"అయితే అది కంపెనీకి పోలేదు, ఇంకా మనదే కదా. ఎంత లోతులో ఉంది?"

ఆ జబ్బు చేసిన నాటి నుంచి ఆయన నన్ను ఏదైనా ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నేను వంటింట్లోకి వెళ్లి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఏజెంటు చెప్పినట్టు చేసి ఉంటే డబ్బు చేతికి వచ్చేది, కానీ కొట్టుకుపోయిందని రాయించిన ఆ మిక్సరు వైపు మళ్లీ చూసే ధైర్యం కూడా మాకు ఉండేది కాదు.

జంగ్లీఘాట్‌లో అప్పన్న బాబాయి అని చేపల బోటు నడిపే పెద్దమనిషి ఉన్నాడు, మా మామగారి ఊరివాడే. వేరే దేవుణ్ణి కొలిచే మనిషి అయినా అడగగానే నవ్వాడు.

"ఏటమ్మా, మిక్సరా? వలకి పడేది కాదు గదా అది. ఆటులో డ్రమ్ములు కడదాం, పోటుకి అదే లెగుస్తాది."

నీల్‌కు మా ఆయన కూడా బయలుదేరారు. జబ్బు చేశాక ఇల్లు దాటడం అదే మొదలు. నీళ్లలోకి దిగే ముందు అప్పన్న బాబాయి "మీ పెబువుకి మీరు సెప్పుకోండి, మా గంగమ్మకి నాను సెప్పుకుంతాను" అని నీళ్లకు దండం పెట్టాడు. సముద్రం వెనక్కి తీసినప్పుడు మిక్సరుకు ఖాళీ డ్రమ్ములు కట్టారు, నీరు పెరిగేకొద్దీ అది అడుగు నుంచి లేచింది, అందరూ కలిసి ఒడ్డుకు లాగారు.

"ముందు మంచినీళ్లు పొయ్యండి. ఉప్పు ఆరనివ్వొద్దు" అని మా ఆయన గొంతు వినిపించింది. గోడకు కాదు, మనుషులకు చెబుతున్న గొంతు.

ఆ తర్వాత రోజూ దాని పక్కనే పీట వేసుకుని కూర్చుని ఎడమ చేత్తో పానా పట్టుకున్నారు. అది జారి పడేది. పనివాడు ఒకడు తీసుకోబోతే "ఉండనివ్వు భయ్యా, వస్తుంది" అన్నారు. ఆకలేస్తోందని అన్నం అడిగారు. ప్రార్థనలో ఆమెన్ అన్నారు.

ఇంజను బతకలేదు సహోదరులారా. డ్రమ్ము, చట్రం, పళ్లచక్రాలు పనికొచ్చాయి, వాటికి పాత నీళ్లపంపు ఇంజను తెచ్చి బిగించారు. ఒడ్డున పోయిన మిషన్లకు మాత్రం ఇన్సూరెన్సు వచ్చింది, దానితో కొత్తవి కొన్నాం, పని పూర్తయింది. ఆ అక్కకు ఇప్పుడు జవాబు చెప్పగలను. బీమా కూడా ప్రభువు ఇచ్చిన మేలే, కృతజ్ఞతతో తీసుకున్నాను, సముద్ర ప్రయాణానికి కూడా ఇప్పుడు చేయిస్తున్నాను. కానీ నా భర్తను గోడ వైపు నుంచి తిప్పి ఇచ్చేది ఏ పాలసీలోనూ లేదు, అది దేవుడు చేశాడు.

మీలో ఎవరైనా ఇవాళ అబద్ధం ఒక్కటే దారి అనిపించే చోట నిలబడి ఉంటే, ఆ సంగతే ప్రభువుతో చెప్పండి, బలం లేదని కూడా చెప్పండి. పోయినవన్నీ తిరిగి వస్తాయని నేను మాట ఇవ్వలేను. ఆయన మిమ్మల్ని విడిచిపెట్టడని మాత్రం చెప్పగలను.

ఈ సాయంత్రం మా ఆయన కూటానికి రాలేకపోయారు, ఫెరార్‌గంజ్‌లో స్లాబు పోయిస్తున్నారు. ఆదివారం ఆరాధనకు వస్తారు, పలకరించండి. కుడి చేయి ఇంకా రాలేదు, ఎడమ చేయి చాపుతారు. మొహమాటపడకుండా ఆ చేతినే పట్టుకోండి. దేవునికే మహిమ.