గుట్ట రాయిలో నీటి చుక్క

"సారు పోయిండు" అని ఫోన్ వచ్చినప్పుడు నా నోట ముందు వచ్చిన మాట, "ఎవరు చూసిన్రు?" అని. సొంత కళ్లతో చూడందే ఏదీ ఒప్పుకోవద్దని నేర్పింది ఆయనే. కొత్తగూడెం వెళ్లి చూశాను. ఒప్పుకోక తప్పలేదు.

ఖనిజం పట్టిన పలుగురాళ్లలో, రాయి పుట్టిననాడు చిక్కుకుపోయిన నీటి చుక్కలుంటాయి. మైక్రోస్కోపులో చూస్తే చుక్క, అందులో ఒక బుడగ కనబడతాయి. మా గనుల శాఖ ల్యాబులో ఆ నీటిలో ఏముందో తేల్చడం సారు పని. రాళ్లు కడిగి, నూరి, ఆ నీటిని బయటికి తీయడం నాది. నీళ్లు బాగా ఉప్పగా ఉంటే అక్కడ లోహం ఉండొచ్చని ఆశ. "చెయ్యి పెట్టకు, చెమటల ఉప్పుంటది" అని రోజూ కసిరేవారు. ఫలితం వస్తే, "ఒక్కసారొస్తే నమ్మకు, మళ్ల చెయ్" అనేవారు. హోటల్లో టీ గ్లాసును కూడా వాసన చూసి తానే మళ్లీ కడిగేవారు. ఆయనతో టీకి వెళ్లాలంటే నాకు సిగ్గేసేది.

రెండు వేల మూడో ఏడు ఎండాకాలంలో, టేకులపల్లి అవతల అడవిలో ఒక గుట్ట నుంచి తెచ్చిన రాళ్లలో ఉప్పు దండిగా వచ్చింది. పై ఆఫీసర్లు సంబరపడ్డారు. తవ్వకం మొదలైతే గుట్ట కింది గూడెం ఖాళీ చేయిస్తారని అందరికీ తెలుసు. సారు మాత్రం, "ఇది లోపలి ఉప్పు కాదు, పగుళ్లల్ల చేరింది" అని ఆ ఫలితం కొట్టేశారు. ఎక్కడి ఉప్పో చెప్పలేదు. పని ఆగిపోయింది. మా క్యాంపులో వండిపెట్టిన ఆ గూడెం వంటామె చేతి అన్నం నెలల తరబడి తిన్న మనిషి కదా, కావాలనే కొట్టేశారేమోనని నాకు అనుమానం తగులుకుంది. అడిగే ధైర్యం లేకపోయింది.

ఆ వంటామె ఇప్పుడు కొత్తగూడెంలో, సారు వాకిట్లో కనిపించింది.

"గుట్ట సొమ్ము ఊరు దాటితే కీడని రాళ్ల సంచుల పిడికెడు ఉప్పేసిన బిడ్డా. సారుకు చెప్తే ఎంత తిట్టిండో! ఎవలకు చెప్పకు, నీ మీద పడ్తరు అన్నడు" అని ఏడ్చింది.

నిజమేనా? ఇద్దరూ కలిసి అల్లిన మాటా? ఛ, చావింట్లో ఇవేం ఆలోచనలు అనుకున్నాను. అయినా అనుమానం పోలేదు.

ఆ గుట్ట రాయి పలచని ముక్క ఒకటి నా దగ్గరుంది. అప్పుడు మాకు లేని మిషన్ ఇప్పుడు ల్యాబులో ఉంది. రాయి పగలగొట్టకుండానే లోపలి చుక్కను గడ్డకట్టిస్తుంది. ఉప్పునీళ్లయితే ఆ గడ్డ సున్నా డిగ్రీలకు చాలా కిందనే కరిగిపోతుంది. తిరిగి రాగానే పెట్టి చూశాను. సున్నా దగ్గరికి వచ్చేదాకా కరగలేదు. మంచినీళ్లే. లోపలి ఉప్పు కాదు. నాకు ఏడుపొచ్చింది.

ఒక్కసారొస్తే నమ్మకు. కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని, చుక్కను మళ్లీ గడ్డకట్టించాను. బుడగ నలిగి ముడుచుకుపోయింది. గడ్డ కరిగి అది తిరిగి గుండ్రమై కదిలేదాకా చూస్తూ కూర్చున్నాను.