తిరగేసి కుట్టే కోటు

మైలిస్‌కి కోపం వస్తే గొంతు పెంచదు. సూది తీసుకుని ఏదో ఒక కుట్టు విప్పుతూ కూర్చుంటుంది. ఆ ఫిబ్రవరిలో ఆమె విప్పిన దారమంతా ముడేస్తే నోర్‌షోపింగ్ ఊరి చుట్టూ రెండు చుట్లు వచ్చేది.

అరవై ఒక్కేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు దర్జీ కొట్టులో పనిచేసి, అది మూతపడ్డాక డిజైన్ కాలేజీలో పాఠాలు చెప్పడానికొచ్చింది. పాత బట్టని పారెయ్యకుండా మళ్లీ తొడుక్కునేలా చెయ్యడం ఆమె కోర్సు. పది వారాలు. పన్నెండేళ్లుగా నడుస్తున్న ఆ కోర్సుకి ఈ ఏడు ఎసరొచ్చింది. విభాగం పెద్ద హోకన్ కాఫీ తాగుతూ తాపీగా చెప్పాడు: "మార్చి ప్రదర్శనలో నీ పిల్లలు ఏం చూపిస్తారో చూద్దాం మైలిస్. బాగుంటే ఉంచుతాం. లేదంటే ఆ పది వారాలూ కంప్యూటర్లో బట్టలు గీసే కోర్సుకి ఇచ్చేస్తాం."

అందుకని ఈసారి చిల్లర పని పెట్టుకోలేదు ఆమె. ట్రాముల డిపో అటక మీద ఎన్నేళ్ల నుంచో పడున్న డ్రైవర్ల ఉన్ని కోట్లు పదకొండింటిని బతిమాలి తెచ్చింది. ఆ ఉన్ని ఈ ఊరి మిల్లులో నేసిందే. మైలిస్ వాళ్లమ్మ ఆ మగ్గాల రొదలోనే చెవులు పోగొట్టుకుంది. పైవైపు వెలిసిపోయినా లోపలివైపు ఇంకా బొగ్గులా నిగనిగలాడుతోంది. కుట్లన్నీ విప్పి, బట్ట తిరగేసి, లోపలిది బయటికొచ్చేలా మళ్లీ కుట్టాలి. వెనకటి దర్జీలు రోజూ చేసిన పనే.

"కత్తెర ముట్టుకుంటే ఊరుకోను," అంది మొదటిరోజే. "కుట్టు దగ్గర కోస్తే ప్రతి ముక్కకీ వేలెడు బట్ట పోతుంది. ఇక తిరగేసి కుట్టేదేంటి, నా తలకాయ! విప్పండి."

"ఒక్కోటీ ఎంతసేపు పడుతుంది?" వీగ్గో అడిగాడు. ఏ పనైనా త్వరగా తేలిపోవాలనే కుర్రాడు.

"రెండ్రోజులు."

"వీడియోలో ఒకావిడ పది నిమిషాల్లో విప్పేసింది మైలిస్."

"అయితే పాఠం కూడా ఆవిడ దగ్గరే చెప్పించుకో."

అసలు చిక్కు వాసనతో వచ్చింది. కలరా ఉండలు, పొగాకు, పాత చెమట. డ్రై క్లీనింగ్‌కి ఇద్దామని ఎవరో అనేలోపే టూవా లేచింది. తరగతిలో చురుకైన పిల్ల అదే, నోరున్నదీ అదే.

"ఆ రసాయనాలు ఎక్కడికి పోతాయో తెలుసా? ఈ కోర్సులో చేరి విషం కొనుక్కుంటామా?"

"కొనమన్నదెవరు నిన్ను?" అంది మైలిస్. "మంచు పడ్డాక దాని మీద పరిచి బెత్తంతో బాదాలి. మురికి మంచుకి అంటుకుంటుంది, బట్ట తడవదు. మా అమ్మ తివాచీలన్నీ అలాగే దులిపేది."

"మంచెక్కడుంది? వారం నుంచీ వానేగా!"

"శనివారం పడుతుందట. ఆగండి."

ఆగమని చెప్పి, గురువారం పన్ను పీకించుకోవడానికి వెళ్లింది.

వాళ్లు ఆగలేదు. మీటింగ్ పెట్టుకున్నారు. మీటింగన్నాక ఏదో ఒకటి తేలాలి, తేలినదానికి అందరూ తలూపాలి. టూవా ఉండే భవనంలో అందరికీ కలిపి ఉన్న బట్టలుతికే గది ఆమె వంతుకి వచ్చేది ఆ గురువారమే, రెండు నుంచి అయిదు దాకా. అది జారిపోతే మళ్లీ రెండు వారాలు. ఈ ఊళ్లో మనిషి పెళ్లినైనా వాయిదా వేసుకుంటాడు గానీ ఉతికే గది వంతు వదులుకోడు. అలా పదకొండు ఉన్ని కోట్లూ, మొక్కల రసంతో చేసిన సబ్బు వేసుకుని, అరవై డిగ్రీల నీళ్లలో మూడు గంటలు తిరిగాయి.

శుక్రవారం మైలిస్ వచ్చేసరికి బల్లల మీద ఆరేళ్ల పిల్లలకు సరిపోయే కోట్లున్నాయి. ఉన్ని దిబ్బరొట్టెలా దళసరిగా బిగుసుకుపోయింది. ఒకదాని భుజం దగ్గర సూది మొన పెట్టి చూసింది. దారమేదో బట్టేదో తెలియడం లేదు. ఇంకోటి తీసింది. అదీ అంతే.

"విషమైతే వాడలేదు," అన్నాడు వీగ్గో, నేల చూస్తూ.

"అవును. ఉత్తి పుణ్యానికే చంపారు."

"ఉన్ని వేడినీళ్లలో వెయ్యకూడదని నువ్వు చెప్పలేదు," అంది టూవా.

"అసలు ఉతకమనే చెప్పలేదు కదే!"

పన్నెండేళ్లలో మొదటిసారి ఆమె అరుపు నడవా చివరిదాకా వినిపించింది.

ఇంకో బట్ట వెతికి, విప్పి, కుట్టే వ్యవధి లేదు. మూడు వారాల తర్వాత ప్రదర్శనలో టూవా ఆ కోట్లనే సన్నటి తీగలతో కప్పు నుంచి వేలాడదీసి, కింద పలక పెట్టింది: "వేడెక్కుతున్న భూమి, కుంచించుకుపోతున్న మనిషి." ఆ పలక చదువుతుంటే మైలిస్‌కి పీకేసిన పన్ను చోట మళ్లీ సలిపింది.

హోకన్ మాత్రం ముందుకీ వెనక్కీ నడిచి చూశాడు. "అబ్బ! వేడినీళ్లూ, చిన్నదైపోయిన కోటూ... మొదట్నుంచీ ఇదే ఆలోచనా, మైలిస్?"

టూవా ఆమె మొహంలోకి చూసింది. ఊ అంటే చాలు, పది వారాలూ దక్కుతాయి. ఊ అంటే వచ్చే ఏడు వచ్చినవాళ్లు కూడా మంచి బట్టని ఉడకబెట్టి పలక రాస్తారు.

"ఆలోచనా లేదు, గీలోచనా లేదు. తెలియక పాడుచేశారు. దగ్గరుండి చూసుకోకపోవడం నా తప్పు."

హోకన్ మర్యాదగా తలూపి పక్క తరగతి వైపు వెళ్లిపోయాడు.

"ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేది?" టూవా కళ్లలో నీళ్లు తిరిగాయి. "కోర్సు మిగిలేది!"

"పలకలు రాయడం నేర్పడానికి నేనెందుకు? నీకొచ్చుగా."

నాలుగో రోజున కబురు రానే వచ్చింది. రెండే వాక్యాలు. పన్నెండేళ్ల సేవకు ధన్యవాదాలు ఒకటి, వచ్చే ఏడు కోర్సు ఉండదని ఒకటి.

ఈ ఏడు కోర్సులో ఇంకా ఆరు రోజులున్నాయి. మర్నాడు మైలిస్ తరగతిలోకి వచ్చి, ఒంటి మీది కోటు తీసి బల్ల మీద పరిచింది. ఇరవై చలికాలాలు తొడుక్కున్న కోటు, కుట్టుకున్నది తనే.

"మరి నువ్వేం వేసుకుంటావ్?" అన్నాడు వీగ్గో.

"అది నా గోల. కాలరు దగ్గర మొదలెట్టండి."

పదకొండు మందీ బల్ల చుట్టూ మూగారు. టూవా సూది అందుకుని మొదటి దారం తెంపింది, రెండోది కనిపించక వంగి వెతికింది. మధ్యాహ్నానికి జానెడు విప్పారు. సాయంత్రం మైలిస్ స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, ఆ పిల్లల్నీ, హోకన్‌నీ, మార్చి చలినీ తిట్టుకుంటూ ట్రామ్ కోసం నిలబడింది.