పాట్‌లక్‌కి వచ్చిన రాణి

మంగళవారం ఉదయం ఆరున్నరకు మా ఎదురింటి అక్కయ్య కన్నుమూశారు. అమెరికాలోని మా ఆష్‌బర్న్ పిల్లలకు ఆమె రాణీ ఆంటీ. పగలు స్కూల్ బస్సు నడిపేవారు. నెలకోసారి ఇక్కడి కమ్యూనిటీ టీవీలో వచ్చే తెలుగు హాస్య కార్యక్రమంలో ఇంగ్లండ్ రాణి వేషం వేసేవారు.

స్కిట్ ఎప్పుడూ ఒకటే. రాణిగారు దారి తప్పి, తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే మనవాళ్ల పాట్‌లక్‌కి వస్తారు. ఆమె ఎవరో అక్కడెవరికీ తెలియదు.

"ఏం చేస్తుంటారండీ?"

"రాణిని."

"కాంట్రాక్టా, ఫుల్‌టైమా?"

"ఫుల్‌టైమే."

"ఎన్నేళ్లయింది?"

ఏటా ఈ జవాబు ఒక్కటే మారేది. చివరికి డెబ్బై దగ్గర ఆగింది.

"అమ్మో, ఒకే ఉద్యోగంలోనా? ప్రమోషన్ రాలేదా పాపం?"

అక్కయ్య మాట్లాడేవారు కాదు. హ్యాండ్‌బ్యాగ్ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకునేవారు. కెమెరా పట్టుకున్నవాళ్లు కూడా నవ్వు ఆపుకోలేకపోయేవారు. ఆమె ముఖం మాత్రం కదిలేది కాదు.

"బస్సులో నేర్చుకున్నానయ్యా. వెనకాల అంతమంది గోల చేస్తుంటే నేను రోడ్డు చూడాలి కదా!" అనేవారు.

రాణిని తెలివితక్కువదాన్ని చేసే డైలాగు ఏదైనా ఉంటే కొట్టేయించేవారు. "ఆవిడ ఓపిక పడుతోంది, అంతే. నవ్వు మన ప్రశ్నల మీద రావాలి."

ఓసారి పక్క ఊరు షాంటిలీలోని ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుతుంటే, ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక పెద్దావిడ ఆమెను గుర్తుపట్టింది. మా రాణి కూడా అచ్చం ఇలాగే ఊరుకునేది అంది. అక్కయ్య గర్వంగా చెప్పుకున్న పొగడ్త నాకు తెలిసి అదొక్కటే.

అసలు రాణి మరణించిన వారం స్కిట్ ఆపేద్దామన్నారు నిర్వాహకులు. నాకూ అదే సబబనిపించింది. అక్కయ్య ఒప్పుకోలేదు. "ఎగతాళి అయితే ఆవిడ బతికుండగా కూడా వెయ్యకూడదు. కాకపోతే ఇప్పుడెందుకు ఆపాలి?" ఆ నెలా స్కిట్ వచ్చింది.

ఆమె చివరి స్కిట్ జబ్బుకు చికిత్స జరుగుతుండగా తీసినది. బాగా చిక్కిపోయారు. కిరీటం నుదుటి మీదికి జారుతుంటుంది. అది ప్రసారం చేయడం కూతురికి ఇష్టం లేదు. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి.

"అమ్మని అలా చూసి అందరూ నవ్వితే నేను హ్యాండిల్ చేయలేను అంకుల్."

అసలు రాణి పోయినప్పుడు అక్కయ్య అన్న మాట ఆమెకు చెప్పాను.

"అమ్మ నిజంగా అలా చెప్పిందా?"

"నా ఎదురుగానే."

"అయితే ఏదీ కట్ చేయొద్దని చెప్పండి. కిరీటం జారేది కూడా."

ఈ శనివారం సాయంత్రం ఏడు గంటలకు అదే చానెల్లో వస్తుంది. చివర్లో ఇంటావిడ, "ఇంత పులిహోర డబ్బాలో పెట్టిమ్మంటారా రాణిగారూ?" అని అడుగుతుంది. అక్కయ్య హ్యాండ్‌బ్యాగ్ తెరిచి పట్టుకుంటారు. ముఖం కదలదు.