పైలట్ ఎందుకు దూకలేదు

డెబ్బై ఒకటి డిసెంబరులో, యుద్ధం రోజుల్లో, ఉత్తరాదిన ఒక ఎయిర్‌ఫీల్డుకు చేరాను. ఎముకలు కొరికే చలి. తెల్లారేసరికి బకెట్లో నీళ్లు గడ్డకట్టేవి. చిక్కడపల్లి సందుల్లో పెరిగిన నాకు మూడు జతల మేజోళ్లు తొడిగినా పాదాలు ఉన్నట్టే తెలిసేది కాదు.

మా బాంబర్‌లో ఇద్దరమే. పైలట్ పైన, నావిగేటర్ని నేను కింద, విమానం ముక్కులో. దారి చెప్పేదీ, బోర్లా పడుకుని గురిచూసి బాంబులు వదిలేదీ నేనే. విమానం దెబ్బతింటే పైలట్‌ను అతని సీటే బయటికి విసిరేస్తుంది. నాకలాంటి సీటు లేదు. పక్కనున్న చిన్న తలుపు తీసుకుని పారాచూట్‌తో దూకాలి. ఆ విమానాన్ని చేసిందే అలా.

పైలట్‌ది నారాయణగూడ. మెస్‌లో నన్ను ఆటపట్టించేవాడు. "నువ్వు కిరాయికున్నోనివన్నా. ఇల్లు అంటుకుంటే ఓనరు ముందు ఉరుకుతడు." నవ్వేవాణ్ణి గానీ, లోపల కలుక్కుమనేది.

మూడో దాడికి పొద్దు గూకాక బయల్దేరాం. లక్ష్యం అవతలివాళ్ల రన్‌వే. చెట్ల కొసలను రాసుకుంటూ వెళ్లి బాంబులు వదిలాం. వెనక్కి తిరుగుతుండగా కింద నుంచి తుపాకులు మోగాయి. పెద్ద కుదుపు. విమానం ముక్కులోకి గాలి, పొగ. ఒక ఇంజను ఆగింది. పైలట్ ఎలాగో పైకి లేపాడు.

"దుంకన్నా, దుంకు!" హెడ్‌ఫోన్లో అరిచాడు.

తలుపు లాగాను. తన్నాను. వంగిన రేకు కదల్లేదు.

"రావట్లేదు. బిగుసుకుపోయింది. నువ్వు దూకెయ్."

నాకు ఏడుపొచ్చింది. వెళ్లమన్నది నేనే, వెళ్లిపోతాడేమోనని వణికిందీ నేనే.

"తొవ్వ చెప్పన్నా, ఇంటికి పోదాం," అన్నాడు చివరికి. "పరేషాన్ గాకు."

దిక్కూ దూరమూ చెబుతూ పోయాను. "ఆఁ, ఆఁ" అంటూ విన్నాడు. రానురాను గొంతు సన్నబడింది. అలిసిపోయాడనుకున్నాను. చక్రాలు నేలను తాకాయి. ఆగాం. గొడ్డలితో రేకు కోసి నన్ను బయటికి లాగారు. పైలట్ మాత్రం దిగలేదు. పక్కటెముకల్లో ఇనపముక్క దిగిందని, దారంతా నెత్తురు కారిందని డాక్టరు చెప్పాడు.

యుద్ధం ముగిశాక సెలవు మీద వచ్చాను. తర్వాత ఆ ఉద్యోగమే వదిలేసి బీమా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఇప్పుడు సాయంత్రాలు అశోక్‌నగర్ వైపు నడుస్తుంటే కోచింగ్ పిల్లలు అడుగుతారు: "తాతా, ఎన్ని బాంబులేసినవ్?" నవ్వి ఊరుకుంటాను. అసలు ప్రశ్న ఆ సెలవులోనే, నారాయణగూడలో పైలట్ వాళ్ల నాన్న అడిగేశాడు.

"సీటుండె గద బిడ్డా. దెబ్బకు చేతులు రాలేదా, మనసొప్పక ఉన్నడా? అదొక్కటి చెప్పు."

"బాబాయిగారూ, విమానం ఆగాక పైలట్‌ను ఎవరూ వెంటనే ముట్టుకోరు," అన్నాను. "సీటు పొరపాటున పేలకుండా మెకానిక్ ముందు దానికి పిన్ను గుచ్చాలి. ఆ రోజూ అలాగే నిచ్చెన ఎక్కాడు. చూస్తే సీటుకు అప్పటికే పిన్ను ఉంది. బయల్దేరేముందు తీసి పక్కన పెట్టిన పిన్నును మీవాడు గాల్లోనే తన చేత్తో మళ్లీ గుచ్చుకున్నాడు. నొప్పి ఓర్చుకోలేక ఎక్కడ దూకేస్తానోనని."

పెద్దాయన కప్పు నా వైపు జరిపాడు. "చాయ్ తాగు బిడ్డా," అన్నాడు. "సల్లారుతది."

యాభై ఏళ్లు దాటాయి. నిచ్చెన మీద ఆ మెకానిక్ నాకింకా కనిపిస్తూనే ఉంటాడు, గుచ్చడానికి చోటు లేని పిన్నును చేతిలో పట్టుకుని.