అవ్వ ఇచ్చిన టేకు పెట్టె, ఆయన బేస్ గిటార్

మా ఆయన వాయిద్యం గురించి చెప్పాలంటే ముందు నా చారుగిన్నె గురించి చెప్పాలి. నెల్లూరు జిల్లా కోట ఊళ్లో మా ఇంట్లోంచి సముద్రం కనిపించదు గానీ దాని గాలి మాత్రం వేళకు వచ్చేది. ఆ ఉప్పుగాలికి కిటికీ చువ్వలు, తలుపు గొళ్లాలు, ఆఖరికి నా జడపిన్నులు కూడా తుప్పు పట్టేవి. అలాంటి ఊళ్లో ఇనుప తీగల వాయిద్యం తెచ్చి పెట్టుకున్నారు మహానుభావుడు. తుప్పూ చేతి జిడ్డూ పట్టి తీగల మోత చచ్చిపోయినప్పుడల్లా వాటిని విప్పి, చుట్టలు చుట్టి, నా చారుగిన్నెలో నీళ్లు పోసి ఉడకబెట్టేవారు. కొత్త తీగలు కావాలంటే మద్రాసు పోవాలి మరి. ఓసారి పక్కింటావిడ నిప్పు కోసం వచ్చి, మూత తీసి చూసి, "ఇదేం కూర మే?" అంది. "మా ఆయన వండుకుంటా ఉన్నాడక్కా, నాకు పెట్టడు" అన్నాను. కానీ ఆ ఉడికిన తీగలు తుడిచి ఆరబెట్టి మళ్లీ బిగిస్తే ఎంత నిండుగా మోగేవో! గిన్నె పోయిందన్న కోపం కూడా నాకు ఎంతోసేపు నిలిచేది కాదు.

అది బేస్ గిటార్. మామూలు గిటార్‌కన్నా పొడుగు మెడ, నాలుగే తీగలు, నాలుగూ లావుపాటివి. పాట అడుగున నిలబడే మంద్రస్వరం దానిది. అరవైల చివర్లో మాట ఇది. ఆయనకు కోట బజారులో రేడియోలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. నెల్లూరులో పెళ్లిళ్లకు సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా ఒకటి ఉంటే అందులో చేరారు. గిటార్ మద్రాసులో ఎవరో వాయించడం మానుకుని అమ్మేస్తుంటే కొన్నది. దాని ఆంప్లిఫయరు మాత్రం సొంత చెయ్యి. పాత రేడియోల్లోంచి తీసిన గాజు వాల్వులు కూర్చి, తీగలు అతికించి, కొట్టులోనే తయారుచేశారు. స్విచ్చి వేయగానే ఆ వాల్వులు మెల్లగా ఎర్రబడుతుంటే నేను దేవుడి దీపాన్ని చూసినట్టు చూసేదాన్ని.

ఆయన చెవి సంగతి చెబితే నమ్మరు. ఒకే స్వరాన్ని బొటనవేలితో ఒకసారి, చూపుడువేలితో ఒకసారి మీటి, రెండూ ఎందుకు వేరో ఆలోచిస్తూ కూర్చునేవారు. మెడ దగ్గర మీటితే మెత్తన, కింద తీగలు బిగించే చోట మీటితే గట్టి. తీగల కింద స్పాంజి ముక్క దూరిస్తే మోత పొట్టిగా గుండ్రంగా వచ్చేది, తీసేస్తే సాగేది. "పాడేవాళ్లకి ఊపిరాడాలంటే మనం పొట్టిగా పలకాల" అని స్పాంజే ఉంచేశారు. ఓసారి నా కుట్టుమిషను తొక్కుడు పలక ఊడదీసి, దానికేవో తీగలు కలిపి, కాలితో తొక్కితే మోత వణికే ఏర్పాటు చేశారు. వణికింది, నిజమే. "దీనికి మలేరియా వచ్చినట్టుందండీ" అన్నాను. నవ్వి, ఆ పూటే పలక తెచ్చి మిషనుకు బిగించారు.

ఇంత చేసినా పెళ్లిళ్లలో ఆయన వాయించేది ఎవరికీ వినపడేది కాదు. పందిట్లో కట్టే మైకు గొట్టాలు సన్నటి గొంతులనే మోస్తాయి. పాడేవాళ్ల గొంతు, అకార్డియన్, డోలక్ ఊరవతలికి వినపడేవి. బేస్ ఆ గొట్టంలోకి పోయి మళ్లీ వచ్చేది కాదు. అందుకని ఆయన తన స్పీకరును వేరే పెట్టెలో బిగించి పక్కన పెట్టుకునేవారు. ఆ పెట్టె టీ ఆకు వచ్చే పలచటి చెక్కపెట్టె. మోత పెంచితే చెక్కలు గిలగిల కొట్టుకునేవి, తగ్గిస్తే ఏమీ లేదు. మా వాళ్లలో ఒకమ్మాయి అందరిముందూ అడిగింది, "బావ వెనకాల నిలబడి ఊరికే గోక్కుంటా ఉంటాడేందక్కా?" అని. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం నవ్వి ఊరుకున్నారు. అసలే నోట్లో నాలుక లేని మనిషి, ఏరికోరి పట్టుకున్న వాయిద్యమూ అలాంటిదే.

ఒకరోజు కొట్టుకు క్యారియరు తీసుకుని పోయేసరికి ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు అక్కడ ఉన్నారు. అకార్డియన్ వాయించేది ఆయనే. నన్ను చూసి కూడా మాట ఆపలేదు.

"నీ మంచితనం గురించి కాదన్నా. వినపడని వాయిద్యం ఎందుకని పెళ్లోళ్లు అడగతా ఉండారు. బోగోలు పెళ్లి చూద్దాం. ఆడ కూడా ఇట్నే ఉంటే నీ చోట్లో ఇంకో డోలక్ పెట్టుకుంటా."

"అట్నే" అన్నారు మా ఆయన. అంతే.

మాస్టారు వెళ్లాక క్యారియరు విప్పి పెట్టాను. ఆయన మజ్జిగన్నం కలిపారు గానీ నోట్లో పెట్టుకోలేదు. జిల్లాలో బేస్ గిటార్‌కు చోటిచ్చిన ఆర్కెస్ట్రా మాకు తెలిసి అదొక్కటే. అది పోతే ఆ గిటార్ గోడమేకుకు వేలాడే చెక్క. పైగా బోగోలు పెళ్లి మా చిన్నమ్మ కూతురిది. నా వాళ్లందరి కళ్లముందు ఆయన్ని పక్కకు తప్పిస్తారన్నమాట. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

ఆ కోపంలోనే ఇల్లు దులపడం మొదలుపెట్టాను. మా అవ్వ నాకు ఇచ్చిన టేకు పెట్టె ఒకటి ఉండేది. ఇద్దరు పట్టి ఎత్తాలి, అంత మందం. అందులో బట్టలన్నీ తీసి ఎండలో వేశాను. టీ పెట్టెలోంచి ఊడదీసి ఆయన ముందేసుకుని కూర్చున్న స్పీకరు నా చీపురుకు అడ్డం వచ్చింది. "తీయండి దాన్ని" అన్నాను. ఎక్కడ పెట్టాలో తోచక, దాన్ని ఎత్తి ఖాళీ టేకు పెట్టె మీద బోర్లించారు. ఆంప్లిఫయరు వైరు ఇంకా తగిలించే ఉంది. గిటార్ మెడ ఆయన మోచేతికి తగిలి లావు తీగ మోగింది.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన మళ్లీ మీటారు. నేను పెట్టె మీద చెయ్యి పెట్టాను. చెక్క గిలగిల్లాడలేదు, లోపల్నుంచి నిండుగా పలికింది. పలచటి గిన్నెలో పప్పు అడుగంటుతుందనీ, ఇత్తడి గుండిగలో నిదానంగా ఉడుకుతుందనీ నాకు తెలుసు కదా, ఇదీ అదే అనిపించింది.

"పెట్టె ముందువైపు పలక కోయండి" అన్నాను.

"మీ అవ్వ పెట్టె."

"అవ్వ ఉంటే ఈపాటికి రంపం ఆమే తెచ్చుండేది. కోయండి."

గుండ్రంగా కోసి, స్పీకరు బిగించి, మూత సందుల్లో నా పాత చీర పేలికలు కుక్కారు. బస్సు టాపు మీద నెల్లూరు దాకా, అక్కడినుంచి ఆర్కెస్ట్రా వ్యానులో బోగోలు దాకా పోయింది పెట్టె. దాన్ని ఎత్తలేక డోలక్ వాయించే అబ్బాయి తల ప్రాణం తోకకొచ్చింది. మాస్టారు దాన్ని చూసి పెదవి విరిచారు. "కాపరానికి పోతా ఉండావా అన్నా" అన్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పాటలు మొదలయ్యాయి. నేను కావాలనే పెట్టె పక్కన చాప మీద ఆడవాళ్లతో కూర్చున్నాను. మొదటి పాట ఎత్తుకోగానే ఆ మోత నేలలోంచి వచ్చినట్టు నా ఒంటికి తెలిసింది. పాట కింద ఎవరో చెయ్యి వేసి మోస్తున్నట్టుంది. ఎంత బాగుందో ఇప్పటికీ చెప్పలేను. పక్కన చిన్నమ్మ ఇనుప రోట్లో ఆకువక్క దంచుకుంటోంది. ఆయన మీటిన చోటల్లా ఆమె రోకలి పడుతోంది. ఆమెకు ఆ సంగతి తెలియదు.

మూడో పాటలో చిన్నమ్మ నా వైపు వంగింది. "అవును మే, మీ ఆయన వాయించేది యాది? నాకేం వినపళ్లా."

నాకు ఎక్కడ కాలాలో అక్కడ కాలింది. చెయ్యి చాచి పెట్టె వెనక వైరు పట్టుకుని పీకేశాను.

పాట ఆగలేదు. గొంతు ఉంది, అకార్డియన్ ఉంది, డోలక్ ఉంది. కానీ ఉప్పు లేని పప్పులా అయిపోయింది. పాడే అమ్మాయి తడబడింది. మాస్టారు వాయిస్తూనే మెడ తిప్పి వెనక్కి చూశారు. చిన్నమ్మ రోకలి గాల్లో ఆగిపోయింది.

"ఏందే, కరెంటు పోయిందా?" అంది.

"కరెంటు ఉండాది చిన్నమ్మా. మా ఆయన లేడు."

అని, వైరు మళ్లీ దూర్చాను. డబ్బుమని ఒక శబ్దం, వెంటనే ఆ మోత. పాట కుదురుకుంది. చిన్నమ్మ రోకలి దానంతటదే కిందికి దిగింది. ఆమె నన్నూ, పెట్టెనీ, వెనకాల తల వంచుకుని వాయిస్తున్న ఆయన్నీ మార్చి మార్చి చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా చాప అంచు చూస్తూ కూర్చున్నాను.

పాటలయ్యాక మాస్టారు ఆయన దగ్గరికి పోలేదు, నా దగ్గరికే వచ్చారు. "అమ్మా, వచ్చే పెళ్లి వెంకటాచలంలో. ఈ పెట్టె మాత్రం మర్చిపోబాకండి" అన్నారు. ఆ మాటకు నా కడుపు నిండిపోయింది.

తిరుగు ప్రయాణంలో వ్యానులో ఆయన నా పక్కనే కూర్చున్నారు. గిటార్ ఒళ్లో పెట్టుకుని తీగల మీది చెమట పంచె చెంగుతో తుడుస్తున్నారు. నా వైపు చూడకుండానే అడిగారు.

"వైరు ఊడిందా, పీకినావా?"

"పీకినాను."

కోప్పడతారనుకున్నాను. ఆయన ఆఖరి తీగ కూడా తుడిచారు.

"ఇంకాసేపు పీకే ఉంచాల్సింది" అన్నారు.