ఇసుక మూట కాపడం

మా పాళెంలో సముద్రం నుంచి లాగిన మనిషిని ఎవరూ ప్రశ్నలడగరు. తడిబట్టలు తీసేసి మందపాటి దుప్పటి చుడతారు. ఇసుక వేయించి మూటకట్టి అరికాళ్లకు కాపడం పెడతారు. దాంతో తేరుకున్నవాళ్లను నేను చూశాను. అందుకే ఆ ఆదివారం తెల్లవారుతుండగా ఇద్దరు స్నేహితులు నా కూతురి కొడుకును కారులో తెచ్చి అరుగు మీద పడుకోబెట్టి, "అల కొట్టింది తాతా, నీళ్లు మింగినాడు" అనగానే, మా ఆవిడ ఇంకో మాట వినకుండా పొయ్యి మీద ఇసుక పెట్టింది.

మావాడికి చెన్నైలో ఉద్యోగం. సెలవు దొరికితే మా ఇంటికి రాడు, మా సముద్రానికి వస్తాడు. మైపాడు దగ్గర రిసార్టులో రాత్రంతా పాటలు పెట్టుకొని ఎగిరారట.

వాడు వణుకుతున్నాడు. దవడలు బిగించి పళ్లు నూరుతున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ మమ్మల్ని చూడటం లేదు.

"చలికి పళ్లు కొరకతా ఉండాడు బిడ్డ. ఇంకో దుప్పటి తీసకరాండి!" అంది మా ఆవిడ, కాపడం ఆపకుండా.

తెచ్చాను. కప్పుతుంటే చెయ్యి వాడి మెడకు తగిలింది. కాగుతున్న ఎసరు గిన్నెను ముట్టుకున్నట్టయింది. సముద్రం మింగినవాడి ఒళ్లు మంచులా ఉంటుంది. జుట్టు తడిమి చూస్తే ఉప్పు లేదు, ఇసుక లేదు. చొక్కా తడి కూడా చెమటదే.

"ఏందిరా ఇది? జుట్టే తడవలా. ఏ సముద్రంలో పడినాడు వీడు?"

ఒకడు ఫోన్ వైపు చూశాడు. "ఎండ దెబ్బేమో తాతా..."

"పొద్దే పొడవలేదు కదరా, యాడిదిరా ఎండ?"

రెండోవాడు ఏడ్చేశాడు. "మత్తు మాత్ర ఏసుకున్నాడు తాతా. ఒకటి ఎక్కలేదని ఇంకోటి. హుషారుగా ఉంటదని అందరం ఏసుకున్నాం. పోలీసులొస్తారని చెప్పలా."

దుప్పట్లు లాగిపడేశాను. పక్కింటివాళ్లు ఆ పొద్దు చెరువులో రొయ్యలు పడుతున్నారు, వాటికోసం వచ్చిన ఐసు బండి వీధిలోనే ఉంది. గోతాంలో ఐసు తెచ్చి మెడకూ చంకలకూ పెట్టి, కారు అద్దాలన్నీ దించి, నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాం.

"లోపలి నుంచి ఒళ్లు కాగిపోయింది," అన్నాడు డాక్టరు. "ఆ మాత్ర అలసట తెలియనివ్వదు, దాహం తెలియనివ్వదు. వేడెక్కి కండరాలు దెబ్బతింటాయి, ఆ దెబ్బ కిడ్నీలకు పోతుంది. కొందరు భయపడి బిందెలకొద్దీ నీళ్లు తాగి దాంతోనే పడిపోతారు. అందులో ఏం కలిపారో అమ్మినవాడికే తెలియదు." ఆగి అడిగాడు. "దుప్పట్లు కప్పారా?"

"ఇసుక కాపడం కూడా పెట్టినాను సారూ," అంది మా ఆవిడ.

నేను సారా పాకెట్ల కాలం చూసినవాణ్ని. తాగి వచ్చినవాణ్ని వాసన పట్టించేది. పెళ్లానికి తెలిసేది, వీధికి తెలిసేది. తిట్టడానికైనా ఒక ఆధారం ఉండేది. ఈ మాత్రకు వాసన లేదు. బడికి పోకపోయినా పాత పేపర్లు చదివి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. చదువుకున్న పిలకాయలు ఒక్క ముక్క నిజం చెప్పలేకపోయారు. అరిచే ఓపిక కూడా ఇప్పుడు నాకు లేదు.

మావాడు బతికాడు. కొన్నాళ్లు డయాలసిస్ చేస్తే కిడ్నీలు మళ్లీ దారిలో పడ్డాయి. మనిషే ఇంకా దారిలో పడలేదు. ఆ మాత్ర తర్వాత మనసు కుంగడం మామూలేనట, వీడికి ఎక్కువకాలం పడుతోంది. మా ఇంట్లోనే ఉన్నాడు, గోడకు తిరిగి పడుకుంటాడు. మా ఆవిడ అన్నం పెట్టిన ప్రతిసారీ, "నేనే కాల్చినాను బిడ్డని," అంటుంది. నాకు అసలు మండేది అక్కడే. అబద్ధం వాళ్లది, బరువు ఈమెది.

మొన్న ఆ ఏడ్చిన పిల్లవాడు యాపిల్ పండ్లు పట్టుకొని వచ్చాడు. నా కాళ్లకు దండం పెట్టబోతే, "నాకు కాదబ్బయా, లోపల ఆమెకు చెప్పు," అన్నాను.

వంటింటి గడప దగ్గర కూర్చున్నాడు. "తప్పు మాది అవ్వా. మొదట్నే చెప్పుంటే నువ్వు దుప్పటి కప్పేదానివి కాదు."

ఆమె పొయ్యి వెలిగించింది. కాఫీ కలిపి గ్లాసు వాడి చేతికిచ్చింది.

"ఇంకోతూరి ఎవురన్నా పడిపోతే ముందు ఏం మింగినాడో చెప్పండి నాయనా. మీరు సముద్రం అంటే, మాకు కాపడం తప్ప ఇంకేం తెలుసు?"