వియన్నా నుంచి ఒకరోజు ముందుగా

మొన్న శుక్రవారం రియాద్‌లో మా అమ్మాయి ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అల్లుడు సోఫాలో కాళ్ళు చాపుకుని వియన్నా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి రైలు టికెట్లు వెతుకుతున్నాడు. వేసవి సెలవుల్లో భార్యాభర్తలిద్దరూ యూరప్ చూసి రావాలని ముచ్చట పడుతున్నారు. నేను పక్కన కూర్చుని మజ్జిగ తాగుతుండగానే చవకరకం టికెట్లు రెండు దొరకడం, డబ్బు కట్టడం, అవి ఫోన్‌లోకి వచ్చేయడం అయిపోయింది. ఉండబట్టలేక, తిరిగి రావడానికి వీసా గడువు చూసుకున్నావా నాయనా, అది చంద్రుణ్ణి బట్టి లెక్కకట్టే హిజ్రీ తేదీయా, ఇంగ్లీషు తేదీయా అని అడిగాను.

"హిజ్రీ లెక్కలు ఇప్పుడెవరు చూస్తున్నారు మామయ్యగారూ, అన్నీ ఇంగ్లీషు తేదీలేగా" అని నవ్వాడు.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఆ రెండూళ్ళ పేర్లు నా చెవిన వెయ్యకండి" అంటూ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నా వయసువాళ్ళు, ముఖ్యంగా గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసి వెనక్కి వచ్చినవాళ్ళు, ఆమె ఎందుకలా లేచి వెళ్ళిందో సగం ఊహించే ఉంటారు. మిగతా సగం చెబుతాను.

అప్పట్లో నేను హఫర్ అల్ బాతిన్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ స్టోర్సు చూసేవాణ్ణి. మా ఆవిడ అక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. అమ్మాయి ఇండియాలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ ఊరు ఎడారి మధ్యలో సైన్యం స్థావరాన్ని అంటిపెట్టుకుని పెరిగిన ఊరు కాబట్టి మనవాళ్ళు తక్కువ, ఉన్నవాళ్ళం బంధువుల్లా ఉండేవాళ్ళం. మా కింది వాటాలో కడప నుంచి వచ్చిన ఒక డ్రైవరు కుటుంబం ఉండేది. ఆయన నాకంటే చిన్నవాడైనా నేను భాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను సార్ అనీ మా ఆవిణ్ణి అక్కా అనీ పిలిచేవాడు. వాళ్ళింట్లో బిర్యానీ అయితే మాకు విడిగా కూరగాయలతో ఒక గిన్నె వండి పంపేవాళ్ళు.

నా చెల్లెలు వియన్నాలో ఒక పరిశోధనశాలలో పనిచేసేది. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరిగా ఉండేది. ఆ ఏడు మే నెలలో ఆమెకు కడుపు ఆపరేషన్ జరగాల్సి వచ్చింది. ఎవరో ఒకరు పక్కన ఉండి ఇంత చారన్నం వండిపెట్టాలి. మా ఆవిడ స్కూలు వదిలి రాలేదు కాబట్టి నేనే బయలుదేరాను. వియన్నాకి విమానం ఖరీదు అందుకునేలా లేదు, ఫ్రాంక్‌ఫర్ట్‌కి మాత్రం చవకగా దొరికింది. అక్కడి నుంచి వియన్నాకి రైల్లో ఏడు గంటలు. చాలా ముందుగా కొంటే ఆ రైలు టికెట్లు దాదాపు మన బస్సు టికెట్ల ఖరీదుకే వస్తాయని చెల్లెలు చెప్పింది. అయితే ఆ చవకరకం టికెట్టు ఏ రోజు ఏ రైలుకి కొంటే ఆ రైలుకే పనికొస్తుంది, మార్చుకోవడానికి లేదు, డబ్బు వెనక్కి రాదు. నా బ్యాంకు కార్డు ఆ వెబ్‌సైటులో పనిచేయకపోతే భాయ్ కార్డు వాడుకుందామని ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను.

నా పని తీరు నాకు తెలుసు. స్టోర్సులో ఒక మేకుల పెట్టె బయటికి వెళ్ళాలన్నా రెండుసార్లు సరిచూసేవాణ్ణి. డైరీలో రోజూ పైన ఇంగ్లీషు తేదీ, హిజ్రీ తేదీ రెండూ రాసుకునే అలవాటు కూడా స్టోర్సు నుంచే వచ్చింది. కంపెనీ నాకు తీసిన ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే దేశం విడిచి వెళ్ళి మళ్ళీ రావడానికి ఇచ్చే అనుమతి, పాస్‌పోర్టులో అతికించి ఉంది. దాని మీద తిరిగి రావలసిన ఆఖరి రోజు రజబ్ నెలలో ఫలానా తేదీ అని అరబీ అంకెల్లో ఉంది. భాయ్ వంటింటి గోడకి ఒక క్యాలెండరు వేలాడుతోంది. ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ తేదీలు మూడూ ఒకే గడిలో ఉన్న అలాంటి క్యాలెండరు చూస్తే నాకు ప్రాణం లేచివచ్చేది. దాంట్లో రజబ్ తేదీ చూసి, దానికి సరిపోయే ఇంగ్లీషు తేదీ రాసుకుని, ఆ రోజు రాత్రి భోజనాల వేళకి రియాద్‌లో దిగేలా విమానమూ, ఆ విమానానికి అందేలా వియన్నా నుంచి తెల్లవారుజాము రైలూ కొన్నాను. చెల్లెలి దగ్గర ఒక్కరోజు కూడా తగ్గకూడదని ఆఖరి రోజు దాకా లాగాను. రెండుసార్లు సరిచూశాను కూడా. రెండుసార్లూ అదే క్యాలెండరులో.

వియన్నాలో చెల్లెలు నెమ్మదిగా కోలుకుంటోంది. నేను బజారుకి వెళ్ళి పెరుగు తేవడం, అక్కడి పెసరపప్పు ఎంతకీ ఉడకకపోతే దాన్ని తిట్టుకోవడం, సాయంత్రం హఫర్‌కి ఫోన్ చేయడం, ఇలా రోజులు సాఫీగా గడుస్తున్నాయి. ఒకనాటి ఫోన్‌లో మా ఆవిడ మాటల మధ్యలో, ఇంటాయన ఇందాకే వచ్చి అద్దె పట్టుకుపోయాడంది. ఆయన హిజ్రీ నెల ఒకటో తేదీన తప్ప రాడు.

రేపు కదా ఒకటి అన్నాను.

"ఈరోజేనండీ. రజబ్ వచ్చేసిందని స్కూల్లో కూడా బోర్డు మీద రాశారు. మీకక్కడ రోజులు కూడా తెలియట్లేదా?"

ఫోన్ పెట్టేసి డైరీ తీసి తేదీలు మళ్ళీ లెక్కపెట్టాను. కొంతసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. సౌదీలో నెల ఎప్పుడు మొదలయ్యేదీ ప్రభుత్వం ముందే లెక్కకట్టి పెడుతుంది. మన దేశంలో నెలవంక కనిపించేది చాలాసార్లు ఒకరోజు ఆలస్యంగా. భాయ్ వంటింట్లో ఉన్నది కడపలో కిరాణా కొట్టువాళ్ళు అచ్చువేయించి ఇచ్చిన క్యాలెండరు. అందులో రజబ్ మన ఊరి రజబ్. నా పాస్‌పోర్టులో ఉన్నది సౌదీ రజబ్. నేను దిగబోయేది గడువు దాటిన మర్నాడు.

ఆ రోజుల్లో గడువు దాటి రావడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకి చెప్పనక్కరలేదు. విమానాశ్రయం నుంచే తిప్పి పంపేస్తారు, ఉద్యోగం పోతుంది, కొన్నేళ్ళ దాకా మళ్ళీ అడుగుపెట్టనివ్వరు. నా ఉద్యోగం గురించి నాకంత బెంగ లేదు. మా ఆవిడ ఆ దేశంలో ఉన్నది నా ఇఖామా, అంటే నివాస అనుమతి మీద, ఆమె బయటికి రావాలన్నా సంతకం పెట్టాల్సింది నేను. నేను బయట ఇరుక్కుపోతే ఆమె లోపల ఇరుక్కుపోతుంది. ఆడవాళ్ళు బండి నడపడానికి కూడా వీల్లేని రోజులు, ఆఫీసుల చుట్టూ ఎవరు తిప్పుతారు?

చెల్లెలికి చెబితే కట్టు మీద చెయ్యి పెట్టుకుని మరీ నవ్వింది. "మేకులు లెక్కపెట్టినంత జాగ్రత్తగా చంద్రుణ్ణి లెక్కపెట్టలేకపోయావా అన్నయ్యా" అంది. నా ముఖం చూసి వెంటనే ఊరుకుంది.

విమానంవాళ్ళు జరిమానా కట్టించుకుని అదే విమానంలో ఒకరోజు ముందుకి మార్చారు. నా దగ్గరున్న డబ్బు చాలావరకు దానికే పోయింది. మిగిలింది రైలు. స్టేషనుకి వెళ్ళి కౌంటరులో అడిగితే, అంత దగ్గర్లో కొనేవాళ్ళకి చవకరకం ఉండదని చెప్పి కౌంటరులోని ఉద్యోగిని ఒక ధర చెప్పింది. నేను భాష తెలియక పొరపాటుగా విన్నాననుకుని కాగితం మీద రాయించుకున్నాను. రాతలో కూడా అంతే ఉంది. బస్సు ఉందిగానీ అది విమానం వేళకి చేరుతుందని ఎవరూ చెప్పలేకపోయారు. మధ్యలో బండ్లు మారుతూ వెళ్ళే దారులేవో గోడమీద పటంలో వెతుక్కుంటూ చాలాసేపు అక్కడే తిరిగాను. ఇంటికొచ్చేసరికి చెల్లెలు, నేనిస్తాను తీసుకో అంది. జీతం సగమే వచ్చే సెలవులో ఉన్న మనిషి దగ్గర, అదీ పుట్టింటి తరఫున చూడ్డానికి వచ్చి, ఎలా తీసుకోను? వద్దంటే, అయితే పక్కన కూర్చో అని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది.

ఆస్ట్రియా రైల్వే అమ్మే టికెట్టు వేరు, జర్మనీ రైల్వే అమ్మేది వేరు. రైలు మాత్రం ఒక్కటే. చెల్లెలు దారిని సరిహద్దు ఊరైన పాసావు దగ్గర రెండు ముక్కలు చేసింది. వియన్నా నుంచి పాసావుకి ఆస్ట్రియావాళ్ళ దగ్గర, పాసావు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి జర్మనీవాళ్ళ దగ్గర విడివిడిగా వెతికితే, మొత్తం దారికి లేని చవకసీట్లు ముక్కల్లో ఇంకా మిగిలున్నాయి. ఒకే రైల్లో రెండు టికెట్లు, రెండు పెట్టెలు. పాసావులో సామాను తీసుకుని ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి మారితే సరి. "ఇక్కడ చదువుకునే పిల్లలందరూ ఇలాగే తిరుగుతారు. నువ్వూ ఒకసారి స్టూడెంటువి అయిపో" అంది.

బయలుదేరిన రోజు ఆమె తలుపు దాకా గోడ పట్టుకుని వచ్చింది. ఒకరోజు ముందు వదిలి వెళుతున్నానన్న బాధ ఒక పక్క, ముందు ఏముందో తెలియని భయం ఒక పక్క. రైలు బయలుదేరాక భాయ్ ఫోన్ చేశాడు.

"సార్, బాధపడాకండి, అక్కను మేం చూసుకుంటాం. ఒకటే మాట సార్. మగ్రిబ్ అయితే తేదీ మారిపోతాదని మా ఇంట్లో అంటాండారు. జవాజాత్ వాళ్ళు ఎట్ల లెక్కేస్తారో తెలీదు."

హిజ్రీ రోజు పొద్దుగూకడంతో, ఆ మగ్రిబ్ నమాజు వేళకే మొదలవుతుందన్న సంగతి నాకూ తెలుసు, ఆ క్షణం దాకా తట్టలేదు. నేను దిగేది చీకటి పడ్డాకే. జవాజాత్‌లో, అంటే పాస్‌పోర్టుల దగ్గర కూర్చునే మనిషి అర్ధరాత్రిని చూస్తాడా, సూర్యాస్తమయాన్ని చూస్తాడా?

పాసావులో సామాను ఈడ్చుకుంటూ పెట్టె మారాను. అక్కడే జర్మనీ పోలీసులిద్దరు ఎక్కి నా పాస్‌పోర్టు తిరగేశారు. ఆ అరబీ కాగితం దగ్గర ఆగి, ఒకరికొకరు చూపించుకుని, ఏదో మాట్లాడుకుని ఇచ్చేశారు. రైలు కదిలింది. కాసేపటికి గోధుమ చేల మధ్య ఆగిపోయింది. ఎందుకాగిందో మైకులో చెప్పారు, నాకు అర్థం కాలేదు. ఎదుటి సీటు పెద్దావిడ అల్లిక సూదులు కిందపెట్టి నిట్టూర్చి మళ్ళీ అల్లుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ నిట్టూర్పు పెద్దదా చిన్నదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ తరవాత రైలు ఎలా కదిలిందో, ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో ఎలా పరుగెత్తానో నాకు సరిగా గుర్తులేదు. డైరీలో ఆ రోజు పేజీలో కూడా 'విమానం అందింది' అని మాత్రమే ఉంది.

విమానంలో కిటికీ పక్క సీటు. ఏదో సముద్రం మీదుగా పోతుండగా పొద్దు వాలింది. తూర్పుకి ఎగురుతున్నాం కాబట్టి మామూలుకన్నా తొందరగా వాలుతుంది. రెక్క చివర ఎర్రగా ఉన్న చోటు నల్లబడేదాకా తల తిప్పకుండా చూశాను. అంత అందమైన సూర్యాస్తమయాన్ని అంత అసహ్యించుకుంటూ చూసినవాడు లోకంలో ఇంకొకడు ఉండడు.

రియాద్‌లో వరసలో నా వంతు వచ్చింది. కుర్ర అధికారి, ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. గడువు కాగితం చూశాడు, గోడమీద గడియారం చూశాడు. "ఆఖిర్ యోమ్" అన్నాడు, ఆఖరి రోజు అని. అవునన్నట్టు తలూపాను. ముద్ర గట్టిగా కొట్టి, ఫోన్ మాటలు ఆపకుండానే పాస్‌పోర్టు నా వైపు తోశాడు.

బయట భాయ్, పక్కన మా ఆవిడ నిలబడి ఉన్నారు. హఫర్ నుంచి అంత దూరం వస్తున్నామని నాకు మాటమాత్రం చెప్పలేదు. కారు డిక్కీ తెరిస్తే అందులో మా పెద్ద పెట్టె ఉంది. ఇదెందుకని అడిగితే ఆమె వెళ్ళి కారులో కూర్చుంది. భాయ్ చెప్పాడు. నన్ను లోపలినుంచే తిప్పి పంపేస్తే ఆమె హఫర్‌కి పోకుండా, రియాద్‌లోనే సులై అనే పేటలో భాయ్ వాళ్ళక్క ఇంట్లో ఉండి, కాగితాల కోసం రియాద్ ఆఫీసుల చుట్టూ తిరగడానికి సిద్ధపడి వచ్చిందట. స్కూలుకి సెలవు కాగితం కూడా ఇచ్చేసిందట. సగం దారిలో ఆమె ఒళ్ళో ఉన్న చేతిసంచీ తెరిచి నాకు మంచినీళ్ళ సీసా తీయబోతే పైనే నా బీపీ మాత్రలు, నా రెండో జత కళ్ళద్దాలు కనిపించాయి.

ఇవెందుకే అన్నాను.

"ఎవరి కాళ్ళయినా పట్టుకుని లోపలికి పంపిద్దామని. మందులు లేకుండా ఇండియా దాకా ఎలా వెళ్తారు మీరు?" అని కిటికీ వైపు తిరిగింది. భాయ్ కారు వేగం తగ్గించి, రోడ్డుపక్క చాయ్ కొట్టు దగ్గర ఆపి, మా ఇద్దరినీ కారులోనే వదిలేసి తానొక్కడే దిగి వెళ్ళాడు.

ఇప్పుడు ఆ గడువు పొడిగించుకోవాలంటే దేశంలో ఉండనక్కరలేదట, ఎక్కడి నుంచయినా ఫోన్‌లో చేసుకోవచ్చట. మంచిదే. మేం పడ్డ భయం మా పిల్లలు పడాలని నేను కోరుకోను. అయితే ఆ రోజుల్లో నేను ఏ పూటకి తిరిగి రావాలో హఫర్‌లో రెండిళ్ళవాళ్ళకీ, వియన్నాలో మంచం మీదున్న చెల్లెలికీ, సులైలో నేనెప్పుడూ చూడని ఒక ఇల్లాలికీ నోటికి తెలుసు. ఆ వేళకి వాళ్ళందరూ చేతిలో పని ఆపి కూర్చున్నారు. భయం పోవడంతో పాటు అలా కూర్చోవడం కూడా పోయింది. నిన్న సాయంత్రం మా అమ్మాయిని, మీరు తిరిగి వచ్చేది ఏ రోజమ్మా అని అడిగాను.

"ఏమో నాన్నా, చూసి చెప్తాను" అంది.